అందరి సీసాలోనూ నలభై

మా ఆవిడ పోయి పద్నాలుగు నెలలయింది. అప్పటినుంచి ఈ ఇంట్లో నా మీద విసుక్కున్నవాళ్లు లేరు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే అది అక్కడే ఆరుతుంది. ఆమె ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ విసుగే.

ఆమె నర్సు. చివరి పదకొండేళ్లు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పనిచేసింది. ఆ పిల్లలు అద్దాల పెట్టెల్లో ఉంటారు. అరచెయ్యంత ప్రాణం, చప్పరించే బలం ఉండదు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలు పోస్తారు. తల్లిపాలైతే ఆ పేగులు ఒప్పుకుంటాయి. డబ్బా పాలైతే ఒప్పుకోవచ్చు, ఎదురు తిరగనూ వచ్చు. అందుకని తల్లి మూడు గంటలకోసారి పంపుతోనో చేత్తోనో పాలు తీసి సీసాలో పట్టి ఇవ్వాలి. బిడ్డ ఒళ్లో ఉండదు, ఏడుపు వినపడదు, ఎదురుగా ఉండేది గోడ. ఆ తల్లుల చేత ఆ పని చేయించడమే మా ఆవిడ ఉద్యోగం. వాళ్లను పెద్దగా ఏమీ అనేది కాదు. మిగతా ప్రపంచాన్నంతటినీ అనేది.

వాళ్లకు కూర్చోవడానికి చోటు కూడా ఉండేది కాదు. దుప్పట్లు దాచే గది ఇమ్మని రెండేళ్లు కాలికి బలపం కట్టుకుని తిరిగింది. అర్జీలన్నీ నేనే రాసిచ్చేవాణ్ణి.

"మీ అర్జీ చాలా బాగుందన్నారు పెద్ద డాక్టరుగారు. గది మాత్రం ఇవ్వలేదు. ఈసారి కొంచెం బాగాలేకుండా రాయండి," అంది ఒకరోజు.

చివరికి గది వచ్చింది. ఆరు కుర్చీలు, ఒక సింకు, ఒక ఫ్రిజ్, రెండు కరెంటు పంపులు. ఒక పంపు పాత మిక్సీలా అరిచేది. తల్లులకు హుషారుగా ఉంటుందని గోడకు ఒక నల్లబల్ల తగిలించి, ప్రతి విడతకూ ఎవరికి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో దాని మీద రాయించేది. ఆ బల్ల తన ఆలోచనేనని తర్వాత వందసార్లు చెప్పింది, నేనేదో కాదన్నట్టు.

వార్డులో తల్లులను పేర్లతో పిలవరు, పుట్టినప్పటి బిడ్డ బరువుతో, గ్రాముల్లో, పిలుస్తారు. ఒక నెల ఉన్న ఆరుగురిలో వయసులో చిన్నది 'ఎనిమిదొందల ఎనభై'. ఇరవై రెండేళ్ల పిల్ల, తొలి కాన్పు. మిగతావాళ్లకు నలభై, యాభై వస్తుంటే ఆమెకు పదిహేను దాటేది కాదు. ఆ పిల్ల అత్తగారు గది గుమ్మంలో నిలబడి బల్ల వంక చూసి, "ఇవాళా ఇంతేనా?" అని వెళ్లిపోయేది. అంతకుమించి ఒక్క మాట అనేది కాదు. ఆ ఒక్కటీ చాలు.

వారం వారం వార్డు రిజిస్టరులోని ఈ అంకెలు ఒక పెద్ద కాగితం మీద ఎక్కించాలి. ఆదివారం పొద్దున నేను చదువుతుంటే ఆమె రాసేది.

"ఏడొందల యాభై, నలభై. తొమ్మిదొందల పది, నలభై. ఎనిమిదొందల ఎనభై, నలభై."

"సరిగ్గా చూసి చదవండి."

"ఉన్నదే చదువుతున్నాను."

"కళ్లజోడు పెట్టుకోండి."

"పెట్టుకునే ఉన్నాను. అందరికీ నలభై. మూడు రోజుల్నించి ఇంతే."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. "వీళ్లు మనుషులా, కుళాయిలా?" అంది. 

సోమవారం ఉదయం చెప్పాపెట్టకుండా గదిలోకి వెళ్లింది. ఆరు సీసాలూ సింకు పక్కన వరసగా ఉన్నాయి. ఆ తల్లుల్లో బట్టలు కుట్టే ఆవిడ ఒకతి, అందరూ టైలరక్క అంటారు, తన సీసాలోంచి ఎనిమిదొందల ఎనభై సీసాలోకి పాలు వంపుతోంది. మిగిలినవాళ్లు గీతలు చూసి "చాలు, చాలు" అంటున్నారు.

"ఏం జరుగుతోందిక్కడ?"

"వాళ్లత్త వచ్చి బల్ల చూస్తుంది సిస్టర్," అంది టైలరక్క. "పదిహేనుంటే ఈ పిల్ల అన్నం ముట్టదు. మాకు ఎక్కువే వస్తున్నాయి కదా. తలా కాస్త పోశాం."

"దానికి అందరికీ నలభై ఎందుకు?"

"దీని ఒక్కదానికే పెరిగితే మీకు అనుమానం వస్తుందని."

మా ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఒకరి పాలు పరీక్షలు చేయకుండా మరొకరి బిడ్డకు పట్టకూడదు. తల్లి ఒంట్లో ఏదైనా జబ్బుంటే పాలతో పాటే వెళుతుంది. ఇప్పుడు ఏ సీసాలో ఎవరి పాలున్నాయో దేవుడికే తెలియాలి. ఫ్రిజ్ తెరిచి ఉన్న సీసాలన్నీ తీసి, ఒక్కొక్కటిగా సింకులో పారబోసింది. బొట్టు బొట్టుగా పిండుకున్న పాలవి. ఆరుగురూ నిలబడి చూశారు.  వాళ్లు తిరగబడి తిట్టి ఉంటే బాగుండేదని ఇంటికొచ్చాక అంది.

ఆరుగురికీ, పిల్లలకూ రక్తపరీక్షలు చేయించారు. రెండు రోజులకు అందరికీ బాగానే ఉందని తేలింది. అసలు నష్టం వేరేచోట జరిగింది. సీసా ఎలాగూ నిండుతోంది కదా అని ఎనిమిదొందల ఎనభై రోజుకు రెండుసార్లే పంపు పెట్టుకుంటోంది. తీయకపోతే పాలు ఎండిపోతాయి. సోమవారం ఆమెకు విడతకు వచ్చింది మూడు మిల్లీలీటర్లు.

పెద్ద డాక్టరుగారు ఒక్క నిమిషంలో తేల్చేశారు. తల్లులను విడివిడిగా కూర్చోబెట్టి మధ్యలో తెరలు కట్టాలి. ఆ బిడ్డకు డబ్బా పాలు మొదలుపెట్టాలి.

"విడదీస్తే ఆరుగురికీ ఎండిపోతాయి సార్," అంది మా ఆవిడ. "తప్పు ఆ బల్లది. బల్ల నాది. నాకు ఒక వారం ఇవ్వండి."

"వారమే," అన్నారాయన. "ఆ తర్వాత నేను చెప్పినట్టు." అందాకా బిడ్డకు వచ్చిన పాలు వచ్చినంత, మిగతాది నరంలోకి ఎక్కించే ద్రవం.

ఆమె బల్ల ఊడదీసింది. మేకు రాక, గోడ పెచ్చు కూడా ఊడొచ్చింది. సాయంత్రం ఆ పిల్ల అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"ఇవాళ ఎంతమ్మా?"

"ఏం, వసూలుకొచ్చారా?"

"అదేంటమ్మా, నా మనవడు. అడగకూడదా?"

"మీ మనవడు పూటకు తాగేది ఒక చెంచాడు. మీరేమో బిందె పట్టుకుని నిలబడ్డారు."

"రావడం లేదని చెబితే డబ్బా కొనుక్కొచ్చేదాన్ని కదా. దాచడమెందుకు?"

"అందుకే దాచింది."

పెద్దావిడ మొహం చిన్నబోయింది. మా ఆవిడ ఆమెను అలా వదిలిపెట్టలేదు. పంపు ముక్కలు కడిగి, వేడినీళ్లలో ఉడికించి ఆరబెట్టే పని అప్పజెప్పింది. "చూడ్డానికి ఏదో ఒకటి కావాలి కదా మీకు. ఇవి చూసుకోండి," అంది.

ఆ వారం రోజుకు ఎనిమిదిసార్లు పంపు. దానికి ముందు బిడ్డను పెట్టెలోంచి తీసి తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టి, మీద దుప్పటి కప్పేవాళ్లు. ఆ వెచ్చదనానికి పాలు దిగుతాయని మా ఆవిడ నమ్మకం. ఆ పిల్లేమో బిగుసుకుపోయి సీసా వంకే చూసేది. సీసా చూస్తే పాలు రావు. మిగతా ఐదుగురికీ తమ పాలు పంచడం నిషేధం కాబట్టి వేరే పని పెట్టుకున్నారు. ఒకామె వీపు రుద్దేది, ఒకామె జడ వేసేది. టైలరక్క పెద్ద డాక్టరుగారు ఎలా నడుస్తారో నడిచి చూపించేది. గదంతా గోల.

"ఇది ఆస్పత్రా, సంతా?" అని మా ఆవిడ గుమ్మంలోనే గొణిగేది. లోపలికి వెళ్లి ఆపేది మాత్రం కాదు. ఆ పిల్ల నవ్వుతోంది, సీసా సంగతి మరిచిపోయింది. ఇంటికొచ్చి నాతో, "తల ప్రాణం తోకకొస్తోంది," అనేది. నాలుగో రోజున రోజు మొత్తానికి ముప్పై నాలుగు. ఐదో రోజున ముప్పైకి పడిపోయింది. ఆ రోజు నేను పెట్టిన టీ బాగాలేదంది, కుర్చీ అడ్డంగా ఉందంది.

ఏడో రోజు ఎవరినీ ఆ సీసా దరిదాపులకు రానివ్వకుండా తనే చేతులు కట్టుకుని నిలబడింది. ఎనిమిది విడతలూ కలిపి డెబ్బై ఒకటి.

"డెబ్బై ఒకటేనా?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"బిడ్డకు రోజుకు అరవై పట్టాలని రాసింది మీరే సార్."

ఆయన కాగితం చూసుకుని, సరే, అలాగే కానివ్వమన్నారు. తెరల మాట మళ్లీ ఎత్తలేదు. ఆయన వెనక్కి తిరిగారో లేదో, ఎనిమిదొందల ఎనభై మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, పదకొండు మిగిలాయి కదా. టైలరక్కకి నిన్నటినుంచి జ్వరం. ఆవిడకి సరిగ్గా రావడం లేదు. అందులో కొంచెం..."

ఆ సాయంత్రం ఆమె చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి ఇదంతా చెప్పింది. నేను నవ్వాను.

"నవ్వకండి," అంది. "వారం రోజులు గొంతు పోయేలా చెప్పాను. అందరూ తలలూపారు. ఈ వారంలో మొదటిసారి తనకి నాలుగు చుక్కలు మిగిలాయో లేదో, పంచడానికి తయారు. వీళ్లతో నేను వేగలేనండీ."

 తర్వాత లేచి, మర్నాడు ఐదింటికే లేపమంది. టైలరక్కకు జ్వరంలో పాలు తగ్గిపోకుండా చూడాలి, మొదటి విడతకు తను అక్కడ లేకపోతే వీళ్లు ఏం చేస్తారో ఏమోనట.