డ్రైవరు వెనక చోటు

తుఫాను తీరం దాటిన మర్నాడు మా పట్టాళం కాలమ్ సహాయం పనికి పలాస చేరింది. కోటబొమ్మాళి నుంచి హైవే మీద పడిన చెట్లు కోసుకుంటూ వచ్చాం. వాన ఆగింది. గాలి ఇంకా కొడుతోంది. ఒక బడిలో దిగమన్నారు. పైకప్పు రేకులు సగం ఎగిరిపోయాయి. మిగిలిన సగం కింద సామాను పెట్టి, ఆ సామాను మీద మేం పడుకున్నాం.

నేను వెహికల్ మెకానిక్‌ని, హవల్దారుని. ఊరు టెక్కలి. నాన్న అక్కడే గుమాస్తా. సర్వీసంతా మంచులోకీ ఎడారిలోకీ నన్ను అడక్కుండానే పంపారు. సొంత జిల్లాకి డ్యూటీ మీద రావడం అదే మొదలు, అదే చివర. దారిలో మా వీధి మలుపు కనిపించింది. లారీ ఆగలేదు. నేనూ ఆపమనలేదు.

కమాండరు ఆర్డరు రెండు ముక్కల్లో ముగించాడు. "ఉద్దానం ఊళ్ళలో డయాలసిస్ రోగులు ఇరుక్కుపోయారు. తీసుకురండి." ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి తక్కువ. వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటేనే ఆ మనిషికి ఊపిరి. అది తప్పితే ఒళ్ళు వాస్తుంది, ఆయాసం, ఆపైన మగత. పలాసలో మిషన్లు జనరేటరు మీద నడుస్తున్నాయి. రావలసింది మనుషులే.

మా లారీలు జీడితోటల్లోకి దూరలేదు. దారికి అడ్డంగా కొబ్బరిచెట్లు. పక్కకి దిగితే ఇరుసుదాకా ఇసక. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి తన పాత పెట్రోలు జీపు ఇచ్చాడు. ఒకప్పుడు పట్టాళంలో పనిచేసిన బండే, వేలంలో కొన్నాడట. స్ప్రింగు కమాన్లకి పట్టీలు పెంచి, బాడీని జానెడు పైకి లేపి, పెద్ద టైర్లు వేయించుకున్నాడు. ఆదివారాలు సముద్రం ఒడ్డుకి షికారు కొట్టే బండి. తాళాలు ఇస్తూ, "గీతలు పడకుండా సూసుకోండి సార్" అన్నాడు. అన్నాక తనకే సిగ్గేసింది. "పడితే పడనీండి" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ జీపు ఎక్కడికైనా ఎక్కుతుంది. కానీ దాని ట్యాంకు డ్రైవరు సీటు కింద చిన్న డబ్బా. ఇసకలో ఫోర్ వీల్ వేసి మొదటి గేరులో లాగితే పెట్రోలు మంచినీళ్ళలా తాగేది. మా దగ్గరున్నదంతా డీజిలు. పెట్రోలు టెక్కలిలో ఒకే ఒక బంకులో, జనరేటరు మీద పోస్తున్నారు. మొదటిరోజు సగం దారిలో పెట్రోలు ముల్లు అడుక్కి వచ్చింది. వెనక్కి తిప్పాం. బండి లేక తిరిగి రావడం వేరు, బండి ఉండి తిరిగి రావడం వేరు.

"పెద్ద ట్యాంకు కట్టు" అన్నాడు కమాండరు.

కాశీబుగ్గలో తుక్కు కొట్లో ఒక లారీ ట్యాంకు దొరికింది. సబ్బునీళ్ళతో కడిగి, ఎండబెట్టి, పెట్రోలుతో తొలిపాను. దాని సరైన చోటు బండి కింద. లేపిన జీపుకి వెనక ఇరుసు దాటాక ఛాసిస్ కింద బోలెడు జాగా ఉంటుంది. కానీ అక్కడ వేలాడదీయాలంటే ఇనుప కోణాలు వెల్డింగు చేయాలి. ఊళ్ళో కరెంటు లేదు. మా వెల్డింగు సెట్టు వెనక లారీలో, కూలిన కల్వర్టు అవతల ఉంది. రేడియోలో అడిగాను.

"వెల్డింగు సెట్టు ఎప్పుడొస్తుంది? ఓవర్."

"రేపు. ఓవర్."

"రేపు ఎప్పుడు? ఓవర్."

"రేపు అన్నానుగా. అవుట్."

వెల్డింగు లేకుండా బోల్టులతో బిగించగలిగింది బండి లోపలే. ఎడమవైపు ముందు సీటు అప్పటికే పీకేసి స్ట్రెచర్ పొడవునా వేశాం. కుడివైపు, డ్రైవరు వెనక, ఇంకో రోగి ఆనుకుని కూర్చునేంత చోటు మిగిలింది. ట్యాంకుని అక్కడే పెట్టాలి. పెట్రోలు డబ్బాల్లో మోసినా అంతే జాగా తింటుంది. కింద టైరు ట్యూబు ముక్కలు పరిచి, ఇనుప పట్టీలతో బిగించాను. గాలి గొట్టం బయటికి తీశాను. చుక్క కారలేదు. కమాండరు తట్టి చూసి, "శభాష్" అన్నాడు. ఆ శభాష్ వినగానే సంతోషపడ్డాను కూడా.

పొద్దున్నే బయల్దేరాం. డ్రైవరు, స్ట్రెచర్ పక్కన ఇరుకు సందులో గొంతుక్కూర్చున్న నర్సింగ్ అసిస్టెంటు, వెనక బంపరు మీద రంపంతో నేను. ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. అది బెస్తవాళ్ళ ఊరు. పడవలు ఇళ్ళ మధ్య బోర్లా పడి ఉన్నాయి. ఒక ఇంటి అరుగు మీద ఇద్దరు మగవాళ్ళు పడుకుని ఉన్నారు. బావాబావమరుదులు, ఒకే వల మీద పనిచేసినవాళ్ళు. ఇద్దరికీ కిడ్నీలు పోయాయి. నర్సింగ్ అసిస్టెంటు ఇద్దర్నీ చూసి నా దగ్గరికి వచ్చాడు.

"ఇద్దరిదీ ఒకే పరిస్థితి. ఎవరు ముందో నేను చెప్పలేను."

ట్యాంకు విప్పి పారేస్తే పలాస దాకా పెట్రోలు చాలదు. రేడియోలో చెప్పాను. "రోగులు ఇద్దరు. బండిలో చోటు ఒకరికి. ఓవర్."

"ఒకర్ని తీసుకురండి. రెండోవారు రేపు. ఓవర్."

పక్కన నిలబడ్డ ఆవిడకి ఈ మాట నేనే చెప్పాలి. పెద్దాయన ఆవిడ మొగుడు. చిన్నవాడు ఆవిడ తమ్ముడు.

"నన్నడక్కు బాబూ," అంది. "ఒకడు పెనివిటి, ఒకడు తోడబుట్టినోడు. నాను సెప్పలేను. వాటెయ్యి."

ఆ ఊళ్ళో వల ఒడ్డుకి చేరాక చేపల్ని కుప్పలు పోస్తారు. వాటాదారులు తలా ఒక గుర్తు ఇస్తారు. గవ్వో, పుల్లో, ఏదైనా సరే. ఏ గుర్తు ఎవరిదో తెలియనివాడు వాటిని కుప్పల మీద పెడతాడు. అదే వాట వెయ్యడం. ఇక తగవుండదు. ఆవిడ ఇసకని రెండు కుప్పలు చేసింది. జీపు వైపుది ఇవాళ. గోడ వైపుది రేపు.

"నువ్వు పరాయోడివి, నువ్వే ఎయ్యాల. అటు తిరుగు."

తిరిగాను. వెనక పెద్దాయన గొంతు వినిపించింది. మాట మాటకీ ఆయాసం. "ఏట్రా బామ్మర్దీ, సివరాకరికి మనమే సేపలమైపోనాం." చిన్నవాడు నవ్వబోయి దగ్గాడు.

ఆవిడ నా అరచేతిలో ఒక గవ్వ, వలకి కట్టే ఒక బెండుముక్క పెట్టింది. ఎంతోమంది ప్రాణాలు నిలబడాలని ఏళ్ళ తరబడి బోల్టులు బిగించిన చెయ్యి. ఆ చేత్తోనే గవ్వని జీపు వైపు పెట్టాను. బెండుని గోడ వైపు.

గవ్వ చిన్నవాడిది. అతను లేవబోయాడు. "నానెల్లను. బావా, నువ్వెల్లు. పిల్లలున్నోడివి."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "పడిన వాట మార్సకూడదురా. నీకు తెల్దేటి? ఎల్లు. రేపు నానొత్తాను."

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. చిన్నవాణ్ణి స్ట్రెచర్ మీదికి ఎత్తాం. దారంతా అతని మోచెయ్యి ఆ ట్యాంకుకి కొట్టుకుంటూనే ఉంది. చీకటి పడేసరికి మిషను మీద పెట్టారు.

వెల్డింగు సెట్టు ఆ రాత్రి పొద్దుపోయాక వచ్చింది. వాళ్ళు రేపు అన్నారు, రేపే వచ్చింది, ఎవర్నీ అనడానికి లేదు. గంటన్నరలో కోణాలు వెల్డు చేసి, ట్యాంకుని లోపలి నుంచి విప్పి ఛాసిస్ కిందికి దించాను. డ్రైవరు వెనక చోటు ఖాళీ అయింది. దుప్పటి మడిచి పరిచాను. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం, బండి ముందురోజు కంటే కుదురుగా నడిచింది. దారి కూడా కొంత తెరుచుకుని ఉంది, తొందరగానే చేరాం.

ఆవిడ అరుగు దిగి ఎదురొచ్చింది. "తెల్లారేసరికి ఎల్లిపోనాడు బాబూ" అంది.

నర్సింగ్ అసిస్టెంటు లోపలికి వెళ్ళి, దుప్పటి పైదాకా కప్పి, బయటికి వచ్చాడు. రేడియోలో డ్రైవరే చెప్పాడు.

తర్వాత ఆ జీపులో చాలామందిని తెచ్చాం, ఇద్దరేసి చొప్పున. చిన్నవాడు బతికాడు. బావ పోయిన కబురు అతనికి నేనే చెప్పాను. గోడ వైపు తిరిగాడు. "ఇంక నాను బతికినన్నాళ్ళూ మా బావ వాట తింతన్నట్టే" అన్నాడు.

కాలమ్ వెనక్కి వెళ్ళిపోయింది. నేను కొన్నాళ్ళకి పెన్షన్ మీద టెక్కలి వచ్చేశాను. ఇప్పుడు రావివలస రోడ్డు మీద చిన్న షెడ్డు. కుర్రాళ్ళు పాత జీపులు లేపించుకుని వస్తారు, పెద్ద ట్యాంకు కట్టమంటారు. కడతాను. బండి కిందే కడతాను. లోపల పెట్టమంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది, వేరే షెడ్డు చూసుకోమంటాను. ముసలాడికి పిచ్చి అనుకుంటారు.

పెద్దాయన పోయిన రోజు మేం ఖాళీ బండితో బయల్దేరబోతుంటే ఆవిడ నన్ను గోడ దగ్గరికి పిలిచింది. అక్కడ చేపల గంప ఒకటి బోర్లించి ఉంది. రాత్రి గాలికి చెదిరిపోతుందని మూసి ఉంచిందట. గంప ఎత్తి చూపించింది. కింద ఇసక కుప్ప నేను వదిలినట్టే ఉంది. దాని మీద పెద్దాయన బెండుముక్క.

"కదల్లేదు బాబూ, సూడు" అంది.

చూశాను. ఇప్పటికీ అదే చూస్తున్నాను.