తుప్పు పట్టిన ప్లాస్టిక్ బకెట్టు

మా మామయ్యకు కొత్త వస్తువంటే నమ్మకం లేదు. గడియారాలు బాగుచేసే మనిషి కదా, పాతవాటి మీద మమకారం సహజమే అనుకునేరు. ఆయన పద్ధతి వేరు. కొత్తదాన్నే తెచ్చి, రంగులు పూసి సాయంత్రానికల్లా పాతది చేసేవాడు.

ఒకసారి అత్తయ్య కొన్న కొత్త బకెట్టుకు గంటలో తుప్పు పట్టింది.

"ప్లాస్టిక్ బకెట్టుకి తుప్పేంటండీ?" అని ఆవిడ నిలదీసింది.

"మరీ కొత్తగా ఉందే, నమ్మబుద్ధి కాలేదు."

మార్చి ఇమ్మని పట్టుకెళితే, పదేళ్ళ కిందటి సరుకు మాకంటగట్టకండని కొట్టువాడు వెనక్కి పంపించాడు.

ఈ విద్యంతా ఆయన అంతరిక్ష నౌకల కోసం నేర్చింది. మూరెడు నౌక మోడల్ అతికించి, దాని చుట్టూ బల్ల మీద ఓ గ్రహాన్నే కట్టేవాడు. థర్మోకోల్ చెక్కి కొండలు, ఇసుకలో కాఫీ పొడి కలిపి నేల, పాత టూత్‌బ్రష్‌తో రంగు చిమ్మి దుమ్ము. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పేవాడు.

"మరక పైనుంచి కిందికి కారాలిరా. ఏ గ్రహమైనా సరే."

"అలాగే మామయ్యా."

"పక్కన ఓ మనిషిని పెట్టు. లేకపోతే నౌక ఎంత పెద్దదో ఎవడికి తెలుస్తుంది? ఆ మనిషికి పనుండాలి. ఊరికే నిలబెడితే బస్సు కోసం చూస్తున్నట్టుంటుంది."

మోడళ్ళ ప్రదర్శనలో మూడేళ్ళుగా ఆయనకు రెండో బహుమతే. ఈసారి మొదటిది కొట్టి తీరాలని, ఆరు నెలలు కూర్చుని ఒక్క నౌకకే మసి, తుప్పు, గీతలు పెట్టాడు. ప్రదర్శన రేపనగా, దాన్ని బల్ల మీద ఆరబెట్టి, నన్ను వెంటబెట్టుకుని తన గడియారాల కొట్టుకు వెళ్ళాడు.

మధ్యాహ్నం మేమిద్దరం భోజనానికి వచ్చేసరికి నౌక తళతళలాడుతోంది. పక్కన సబ్బు నీళ్ళతో మామయ్యావాళ్ళ కొత్త కోడలు నిలబడి ఉంది. ఆ పిల్ల కాపురానికి వచ్చి వారమే అయింది.

"చాలా మురికి పట్టింది మామయ్యగారూ. రేపు నలుగురూ చూస్తారు కదా అని కడిగేశాను."

అత్తయ్య చేతిలో గరిటె జారింది. మామయ్య నౌకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అద్దంలా చేశావమ్మా. నాకెప్పుడూ ఇంత బాగా రాలేదు" అన్నాడు.

నేను ఆయన్ని పెరట్లోకి లాక్కెళ్ళాను. "రెండు గంటలు చాలు మామయ్యా, మళ్ళీ తుప్పు పట్టిద్దాం."

"పట్టిస్తే, తను పాడుచేసిందని ఆ పిల్లకు తెలిసిపోదూ? వారం నుంచి ఈ ఇంట్లో గ్లాసు ముట్టుకోవాలన్నా భయపడుతోంది. ఇవాళే కాస్త చనువు తీసుకుంది. ఊరుకోరా."

సాయంత్రం దాకా భూతద్దం పెట్టుకుని ఏదో చెక్కుతూ కూర్చున్నాడు.

మర్నాడు న్యాయనిర్ణేత మా బల్ల దగ్గర ఆగి పెదవి విరిచాడు. "గ్రహం బాగుందండీ. నౌకే మరీ కొత్తగా ఉంది. నమ్మబుద్ధి కావడం లేదు."

నాకు నవ్వు ఆగలేదు. మామయ్య మాత్రం వినయంగా నౌక కింద వేలు చూపించాడు. అక్కడ గోరంత అమ్మాయి, పక్కన చిట్టి బకెట్టు పెట్టుకుని, కొంగు బిగించి, గుడ్డతో నౌకను తుడుస్తోంది.

"ఇప్పుడే కడిగిందండీ. ఇంకా ఆరలేదు."

ఈసారి మూడో బహుమతి వచ్చింది. కోడలు ఆ బొమ్మను వంగి వంగి చూసింది.

"ఇది నేనేనా మామయ్యగారూ?"

"నువ్వేనమ్మా."

"మరి నేనింత శుభ్రంగా ఉంటే, నా పక్కన బకెట్టుకు తుప్పేంటండీ?"

"అది ప్లాస్టిక్‌దమ్మా," అన్నాడు మామయ్య. "మనింట్లో అంతే."