కొత్త కంప్యూటరుకు పెట్టిన బొట్టు

మూడు శనివారాలు ఎస్పీ రోడ్డు దుకాణాలన్నీ తిరిగి చవకలో తెచ్చిన భాగాలతో, ఆటలాడుకోవడానికి మొదటిసారి నా చేత్తోనే కంప్యూటరు బిగించాను, ఈ మధ్యాహ్నం. ఆఖరి స్క్రూ తిప్పుతుంటే మా ఇంటి ఓనరు సావిత్రమ్మగారు కుంకుమ భరిణెతో మేడ మీదికి వచ్చారు.

"కొత్త మిషను బొట్టు లేకుండా బోసిగా ఉండాది కదప్పా" అంటూ క్యాబినెట్‌కు బొట్టు పెట్టారు. కాస్త కుంకుమ ఫ్యాను సందుల్లోంచి లోపలికి రాలింది. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

"మీ కుంకుమ పడే పాడైంది ఆంటీ" అని గొంతు పెంచాను.

"నాకేం తెలుసప్పా, తుడిచేస్తా ఉండు" అన్నారామె. కొంగుతో బొట్టు తుడిచి, మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

గంటసేపు అన్నీ విప్పి చూశాక తెలిసింది. వెనక పవర్ సప్లైకి ఉన్న చిన్న స్విచ్ నేనే వేయలేదు.

ఇప్పుడు ఆట ఎక్కడా ఆగకుండా నడుస్తోంది, నాకే ఆడబుద్ధి కావడం లేదు. ఆమె పెట్టిన బొట్టును ఆమె చేతే తుడిపించాను. కిందికి వెళ్ళి, మళ్ళీ వచ్చి పెట్టమని అడగాలి. మీరైతే ఏ ముఖం పెట్టుకుని అడుగుతారు?