టేపు మామ బల్ల తుడిచిన రోజు

మా మరిదిని వీధంతా టేపు మామ అంటుంది. మా చెల్లెలి మొగుడు. నలభై ఏళ్లుగా రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తున్నాడు. కొట్టు మూసేముందు బల్ల మీద చిన్న మరమేకు కూడా మిగలకూడదు ఆయనకు. పనయిపోయిన వస్తువు కళ్లెదుట ఉంటే అన్నం సహించదు. ఈ శుభ్రంలో పావు వంతు ఇంట్లో చూపిస్తే మా చెల్లెలు సుఖపడేదని చాలాసార్లు అన్నాను. వినబడనట్టు ఉండిపోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

మా చెల్లెలు కుట్టుమిషను తొక్కుతూ పాడేది. ఆ పాటల్ని ఆయన ఒక క్యాసెట్టులో పట్టి దాచాడు. రెండేళ్ల కిందట ఆవిడ గొంతులో గడ్డ తీశారు. దాంతోపాటు మాటా పోయింది. ఇప్పుడేం కావాలన్నా సైగే. కోపమొస్తే కత్తెర టకటకలాడిస్తుంది.

ఆ పాటలు ఆవిడ ఏ గదిలో కూర్చుంటే ఆ గదిలో వినబడాలని మరిది పట్టుబట్టాడు. ఊళ్లోవాళ్లు వినే పాటల యాపుల్లో మా చెల్లెలి గొంతు ఎందుకుంటుంది? అందుకని అరవై ఏడేళ్ల వయసులో వీడియోలు చూసి, నోటుపుస్తకం నిండా రాసుకుని, ఒక పాత కంప్యూటరును సొంత సర్వరుగా మార్చాడు. పాటలు క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న చోట ఉంటాయట. ఫోను అడిగితే ఈ కంప్యూటరు వాటిని తెచ్చి అందిస్తుందట. అద్దెచోటన్నాక ఖాళీ చెయ్యమంటే ఏం చేస్తావని అడిగాను. అదీ వినబడలేదు.

క్యాసెట్టు పాతది. పాటలు కంప్యూటరులోకి ఎక్కడమే ఆలస్యం, టేపు కాస్తా రికార్డరులో చుట్టుకుని ముక్కలైపోయింది. పోతే పోనీ, పని అయిందన్నాడు.

మర్నాడు చెల్లెలు మిషను మీద ఫోను పెట్టుకుని తన పాట తానే విన్నది. తొక్కడం ఆపి, మళ్లీ పాట నడకకు సరిగ్గా తొక్కింది. మరిది గుమ్మంలో నిలబడి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం ఆయనకు పాత అలవాటు గుర్తొచ్చింది. పాటలు ఆ అద్దెచోటికి చేరాయి కదా, ఇక్కడెందుకని కంప్యూటరులో ఉన్నవన్నీ తుడిచేశాడు. ఇక్కడ తీస్తే అక్కడా పోయేలా రెంటినీ ముడిపెట్టింది తనేనని మరిచిపోయాడు. పొద్దున్నే చెల్లెలు ఫోను నొక్కితే ఏమీ లేదు. కత్తెర టకటకలాడలేదు. ఫోను బోర్లాపెట్టి దారం ఎక్కించుకుంది. ఆయనకు భయమేసింది అందుకే.

నేరుగా మా ఇంటికొచ్చి కూలబడ్డాడు.

"నా చేతులతో నేనే తుడిచేశాను వదినా. దాని గొంతు రెండోసారి పోయింది."

నేను చదివింది మూడో తరగతి. కానీ యాభై ఏళ్లు ఇల్లు ఊడ్చాను.

"ఏడవడం తరవాత. ఏ ఇంట్లోనైనా ఊడ్చింది ఊడ్చినట్టే వీధిలో పారేస్తారుటయ్యా? నువ్వు అద్దెకు తీసుకున్న ఆ చోట ఒక చెత్తబుట్టయినా ఉండదూ?"

అంతే, చెప్పులు కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు.

బుట్ట ఉంది. తుడిచినవి ముప్పై రోజులు అందులోనే ఉంటాయట. నేను చెప్పులు పట్టుకుని వెళ్లేసరికి కుట్టుగదిలోంచి మా చెల్లెలి పాట వస్తోంది, మధ్యమధ్య కత్తెర చప్పుడుతో. తిట్లన్నీ అప్పుడు పడుతున్నాయన్నమాట.

తరవాత ఆ పాటలు ఒక చిన్న డిస్కులోకి కూడా ఎక్కించాడు. దానికి చెల్లెలు ఎర్రగుడ్డతో గలేబు కుట్టి, తీసుకెళ్లి కొట్టులో బల్ల నడిమధ్య పెట్టింది. కొట్టు మూసేటప్పుడు మా మరిది ఇప్పుడు దాని చుట్టూ తుడుస్తాడు.