గోలు వెనక చెరువు

ఒక్క గోలుతో గెలుస్తున్నప్పుడు ఆఖరి నిమిషాలంత దిక్కుమాలినవి ఇంకేవీ ఉండవు. ఓడిపోతున్నవాడికేం, తెగించేస్తాడు. గెలిచేవాడి కాళ్లే వాటంతటవి వెనక్కి నడుస్తాయి. ఏలూరులో తివాచీలు నేసే మా నాన్న కూడా అనేవాడు, "ఆఖరి వరసలోనే చెయ్యి తొందరపడుద్దిరా" అని.

కొల్లేరు లంకలో ఆడిన ఆ ఫుట్‌బాల్ ఆటలోనూ అంతే. మా జట్టులో అందరం ఏలూరు, తాడేపల్లిగూడెం వాళ్లం. గోల్‌కీపర్ మాత్రం ఆ ఊరివాడు, చేపల చెరువు కౌలుకు చేస్తాడు. గోలంటే వల కూడా లేని రెండు వెదురు గడలు. వాటి వెనక గట్టు, ఆ వెనక అతని చెరువు. వచ్చే వారమే చేపల పట్టుబడి. ఇంటిల్లిపాదీ ఏడాదంతా దానిమీదే బతకాలి. కొన్నాళ్లుగా మబ్బు, ఆకు కదలని ఉక్క. నీళ్లలో గాలి చాలక పొద్దున్నే చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయట. నీళ్లు చిలికే ఏరియేటర్లు తిరుగుతున్నంతసేపే వాటికి ఊపిరి.

"మనసు అక్కడుంటే ఎలా ఆడతారండీ గురువుగారూ?" అన్నాను.

"చెవొకటి అక్కడేసి వచ్చానండీ, కళ్లు ఇక్కడే ఉన్నాయి. మీరు ముందు చూసుకోండి," అని నవ్వాడు.

ఆట చివరికొచ్చేసరికి అందరం గోలు ముందే గుమిగూడాం, వానకి చూరు కింద చేరే మేకల్లా. బంతి వస్తే ఎవడికీ అక్కర్లేదు. అవతలివాడు కొట్టిన బంతిని అతను గుండెలకు హత్తుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఏరియేటర్ల హోరు ఆగిపోయింది.

అది ఆగిందని నాకు తెలియడానికి కాసేపు పట్టింది. అతను మాత్రం చంకలో బంతితోనే వెనక్కి తిరిగి, రెండు గడల మధ్యనుంచి గట్టుకేసి పరుగెత్తాడు. ఆఖరి నిమిషాల్లో మనిషి ఆలోచించడు. లోపల ఏ భయం ముదిరి ఉంటే దానికేసి పోతాడు.

బంతి గడలు దాటిందని రిఫరీ గోలిచ్చేశాడు. మావాళ్లు తిట్లు లంకించుకున్నారు, నేనూ నోరు చేసుకున్నాను. అవతలి జట్టు మాత్రం గంతులెయ్యలేదు. వాళ్లూ చెరువుల వాళ్లే. అందరూ అతని వెనకే పరుగెత్తారు. అది చూశాకే నాకు భయం వేసింది.

గట్టెక్కితే నీటి నిండా తెల్లటి నోళ్లు, తెరుచుకుంటూ మూసుకుంటూ. అతను జనరేటర్ హ్యాండిల్ తిప్పుతున్నాడు. అది దగ్గుతోంది గానీ స్టార్టవడం లేదు.

"కిందకెళ్లండ్రా నాయనా, కాసేపాగండ్రా," అని చేపల్ని బతిమాలుతున్నాడు.

రెండు జట్లవాళ్లం వంతులేసుకుని తిప్పాం. చాలాసేపటికి స్టార్టయింది. ఏరియేటర్లు తిరిగాయి. నీళ్లు కదిలాయి గానీ, వాటి మీద తేలే నోళ్లు కదలడం లేదు.