చిలకమ్మత్త కూరగాయల మడులు

నిన్న పొద్దున్న పాడేరు నుంచి డ్యూటీకి బస్సులో వెళ్తున్నాను. తమ్ముడి ఫోన్. సిగ్నల్ సరిగా లేదు. ఏడుపు మాత్రం వినిపించి కట్ అయింది.

మామకే ఏదో అయిందనుకున్నాను. ఏళ్లుగా మంచం మీదున్న మనిషి కదా.

మళ్లీ కాల్ కలిసింది.
పోయింది అత్త.

టీ పెట్టడానికి లేచి పొయ్యి దగ్గరే కూలిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు.

చిలకమ్మత్త మా నాన్నకు చెల్లెలు. అరకు పైన కొండ ఊళ్లో ఉండేది. ఆమెను చూడని నా ఫ్రెండ్స్ కోసం ఒక్క సంగతి చెప్తాను.

కొన్నేళ్ల కిందట, వానలప్పుడు, మామ కాఫీ తోటలో కొమ్మలు కొడుతూ చెట్టు మీంచి పడ్డాడు. నడుం పోయింది. కాళ్లు చచ్చుబడ్డాయి. ఇంటికి తెచ్చాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరొచ్చినా మాట లేదు. అత్త బతిమాలితేనే ముద్ద ముట్టేవాడు.

ఆ చలికాలమే అత్త ఇంటి వెనక కూరగాయల తోట మొదలుపెట్టింది.

అక్కడంతా బంకమట్టి. వానకి జిగురు, ఎండకి రాయి. "ఇప్పుడు నీకు తోటెందుకత్తా?" అన్నాను.

సెలవుకి వెళ్లినప్పుడు నేనూ గునపం పట్టాను. ముందురోజు వాన పడింది. అత్త నన్ను ఆపి, పిడికెడు మట్టి ఉండ చేసి వేలితో పొడిచింది. అణిగింది గానీ విరగలేదు.

"తొందరపడిపోకే గుంటా. తడి మీద తవ్వితే ఎండినాక ఇటుకలైపోద్ది. ఉండ పొడిపొడిగా ఇరిగినప్పుడే తవ్వాల."

ఆరాక తవ్వాం. పెద్ద పెద్ద గడ్డలు లేచాయి. అత్త వాటిని గంపకెత్తి సరాసరి మామ మంచం పక్కన పోసింది. చేతిలో చెక్క సుత్తి పెట్టింది.

"నా సేతులు లాగేస్తన్నాయి. నువ్వు కొట్టు."

"నడుం పోయినోడితో పనేటే?"

"నడుంతో ఎవలు కొట్టమన్నారు? సేతుల్తో కొట్టు."

అత్త గంప మీద గంప పోస్తూనే ఉంది. ఇల్లంతా మట్టి.

చివరికి మామ ఇటు తిరిగాడు. విసుగ్గా ఒక గడ్డ మీద కొట్టాడు.
తర్వాత ఇంకోటి.

అత్త బయటికెళ్లి గోడ పక్కన కూర్చుంది. శబ్దం రాకుండా ఏడ్చింది.

ఆ మట్టిలో పశువుల గెత్తం, ఎండుటాకులు, కాఫీ తొక్క కలిపి, నీళ్లు నిలవకుండా మడులు ఎత్తుగా పోశాం. చలి తగ్గాక మామను మడి పక్కన కూర్చోబెట్టాం. వంగ నారు అత్త నాటింది, బెండ గింజలు మామ పెట్టాడు. ఆ వేసవిలో బెండకాయలు ఇరుగుపొరుగంతా తిన్నారు.

అప్పట్నుంచి ఏటా గడ్డలు కొట్టడం మామ పని. గింజలు లోతుగా పెట్టావని ఆమె, వంకలు పెడతావని ఆయన. ఇద్దరి తగువులూ ఆ మడుల దగ్గరే.

నిన్న సాయంత్రం అత్తను మట్టి చేసి వచ్చాం.

"మామా, నాతో పాడేరు వచ్చేయ్" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు.

"మడులన్నీ సిద్దం సేసి ఎల్లిపోనాదే. గింజలెవలు పెడతారు? నానెక్కడికీ రాను."

తమ్ముడు ఆయన దగ్గరే ఉంటానన్నాడు.

అత్తా, మామకు మేమున్నాం.
నువ్వింక నడుం వాల్చు. ప్రశాంతంగా నిద్రపో.