రెండు ఎన్‌ల కేసు

ఆ రోజుల్లో అమీర్‌పేటకి కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళకి ఉద్యోగం దొరకడం కంటే హాస్టల్లో స్నానానికి నీళ్ళు దొరకడమే కష్టంగా ఉండేది. తెనాలి నుంచి వచ్చిన నాకు ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు. వరసగా ఐదు రోజులు కొళాయి ఎండిపోయేసరికి మా గదిలో ఉండే కరీంనగర్ అక్క (నాకంటే వయసులో ఏడాది పెద్ద, ధైర్యంలో పదేళ్ళు పెద్ద) "ఇట్ల గాదు, బకెట్లు పట్టుకొని బయట కూసుందాం పాండ్రి" అంది. కూర్చున్నాం. ఫుట్‌పాత్ మీదే, పద్ధతిగా. చూసేవాళ్ళు ఆగారు, వాళ్ళ వెనక ఆటోలు ఆగాయి, ఆటోల వెనక సిటీ బస్సు ఆగింది. పోలీసులు మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చేశారు.

స్టేషన్లో పేర్లు రాసుకుంటుంటే తక్కిన అమ్మాయిలు లక్ష్మి, సరస్వతి, పార్వతి అని చెప్పి గండం గట్టెక్కారు (ఆ పార్వతి మా కరీంనగర్ అక్కే). నేనొక్కదాన్నే అసలు పేరు, అదీ ఇంటిపేరుతో సహా చెప్పాను. చెప్పి ఊరుకున్నానా? కానిస్టేబుల్ ఇంగ్లీషులో ఒక అక్షరం తక్కువ రాస్తే, "సార్, అక్కడ రెండు ఎన్‌లు రావాలి" అని దిద్దించాను. బస్సు ఆపిన నేరం మీద కేసు నా ఒక్కదాని పేరు మీదే, అచ్చుతప్పు లేకుండా నమోదైంది.

ఆర్నెల్ల తర్వాత పంజాగుట్టలో ఒక కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. వాళ్ళ ఫారంలో "మీ మీద కేసులున్నాయా?" అని ఒక గడి ఉంది. "లేదని రాయి. ఎవడు చూడొచ్చిండు?" అంది అక్క. నేను "ఉంది. నీళ్ళు అడిగినందుకు" అని రాశాను. కంపెనీ వాళ్ళు చాలా మర్యాదగా, కేసు పోయాక రమ్మన్నారు.

కేసు పోవడానికి ఎంతకాలం పడుతుందని యూసుఫ్‌గూడలో ఉండే వకీలు గారిని అడిగాను. మేమంతా ఆయన్ని వాయిదాల అంకుల్ అనేవాళ్ళం. "ఒప్పుకుంటే ఒక్క పూట. చిన్న జరిమానా కట్టి ఇంటికి పోవచ్చు. కొట్లాడితే నేను సుత చెప్పలేను బిడ్డా" అన్నారు. తెనాలి నుంచి నాన్న ఫోనులో, "మన ఇంటావంటా లేదమ్మా ఈ కోర్టులు. ఒప్పేసుకో, పోతుంది" అన్నారు. "ఒప్పుకుంటే కేసు పోతుంది నాన్నా, తప్పు చేశానన్న మాట ఉండిపోతుంది. నేను బస్సు ఆపలేదు" అన్నాను. నాన్న, "భోజనం చేశావా?" అన్నారు. అదే ఆయన అంగీకారం.

రెండేళ్ళ ఏడు నెలలు తిరిగాను. పొద్దున్న అమీర్‌పేటలో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెప్పడం, వాయిదా రోజున కోర్టు వరండాలో వాళ్ళ పరీక్ష పేపర్లు దిద్దడం. చివరికి సాక్షిగా అదే కానిస్టేబుల్ వచ్చాడు. "ఈ అమ్మాయి బస్సు ఆపడం మీరు చూశారా?" అని అడిగారు వాయిదాల అంకుల్. అతను నా వంక చూసి, "లేదు సార్. ఆ టైంల అమీర్‌పేటల బస్సు ఆపనీకి మనిషెందుకు సార్? అదే ఆగుతది" అన్నాడు. జడ్జి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కేసు కొట్టేశారు.

ఎగురుకుంటూ తీర్పు కాపీ పట్టుకెళ్ళి పోలీసు రికార్డులో ఎక్కించమంటే, అక్కడి గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "గీ తీర్పుల ఒక్కటే ఎన్ ఉంది మేడమ్. మా దగ్గర రెండున్నయ్. గీమె వేరు, గామె వేరు" అన్నాడు. "అంటే ఒక ఎన్ ఉన్నామె నిర్దోషి, నేనింకా నిందితురాలినా?" "జర సముజాయించుకోండ్రి మేడమ్." అర్థం చేసుకోవడానికి, కోర్టులో ఆ అక్షరం దిద్దించడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. ప్రతి సోమవారం వెళ్ళి అతని బల్ల ముందు నిలబడేదాన్ని. చివర్లో నన్ను చూడగానే అతనే టీ చెప్పేవాడు.

నా మీద ఏ కేసూ లేదన్న కాగితం చేతికొచ్చిన రోజు తిన్నగా పంజాగుట్ట కంపెనీకి వెళ్ళాను. "ఇప్పుడు ఖాళీల్లేవండీ" అంది అక్కడి అమ్మాయి. "ఉద్యోగానికి రాలేదండీ. చూపించి పోదామని వచ్చాను" అని, కాగితం ఆమె ముందు పెట్టి, ఆమె చివరి వరస దాకా చదివిందని నమ్మకం కుదిరాక తీసుకుని వచ్చేశాను.

మొన్న కరీంనగర్ అక్క ఫోను చేసింది. వాళ్ళ పాప బడి ముందు రోడ్డు దాటడానికి దారి లేదట, ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరూ పట్టించుకోలేదట. "మళ్ళ కూసుందమా?" అంది. ముప్పై తొమ్మిదేళ్ళ నా నడుముని తడిమి చూసుకున్నాను. "కూర్చుంటే లేవలేను అక్కా. ఈసారి నిలబడదాం" అన్నాను.